థొరకోస్కోపీ

పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరా అమర్చిన గొట్టాన్ని ఛాతీలోకి పంపి, లోపల చూస్తూ ముక్క తీసే పరీక్ష థొరకోస్కోపీ. ఊపిరితిత్తి పొర (ప్లూరా) జబ్బులను తేల్చడంలో దీని ఉపయోగం ఎక్కువ.

వాడుకలో ‘ఊపిరితిత్తులకు నీరు పట్టింది’ అంటాం. నిజానికి ఆ నీరు చేరేది ఊపిరితిత్తి చుట్టూ ఉన్న రెండు పొరల మధ్య. మన దేశంలో ఇందుకు ముఖ్య కారణాలు క్షయ, క్యాన్సర్. సూదితో తీసిన నీటిని పరీక్షిస్తే చాలామందిలో కారణం తెలుస్తుంది. కానీ క్యాన్సర్ ఉన్నా, నూటికి సుమారు 40 మంది నీటిలో ఆ కణాలు దొరకవు. అలాంటి వారికి అనుమానం మీదే నెలల తరబడి క్షయ మందులు వాడి విలువైన కాలం పోగొట్టడం కంటే ముక్క పరీక్ష చేయించడం మేలు. క్యాన్సర్ ఉంటే, థొరకోస్కోపీలో పదింట తొమ్మిది కేసులకు పైగా అది తేలిపోతుంది.

దీన్ని 1910లో మొదలుపెట్టినవాడు స్వీడన్‌కు చెందిన హన్స్ క్రిస్టియన్ జాకోబియస్. ఆయన సర్జన్ కాదు, ఫిజీషియన్. మూత్రాశయాన్ని చూసే సిస్టోస్కోప్‌నే ఛాతీలోకి పంపి చూశాడు. తర్వాత క్షయరోగుల్లో అతుక్కుపోయిన పొరలను విడదీయడానికీ ఈ దారినే వాడాడు. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆ అవసరం తగ్గింది. 1990లలో వీడియో కెమెరాలతో ఈ పద్ధతికి మళ్లీ ఆదరణ వచ్చింది.

రోగిని జబ్బు లేని వైపు తిప్పి పడుకోబెడతారు. చంక కింద చర్మానికి మత్తు సూది ఇచ్చి, సుమారు ఒక సెంటీమీటరు గాటు పెడతారు. రక్తనాళాలు ప్రతి పక్కటెముక కింది అంచు వెంట సాగుతాయి కాబట్టి, కింది ఎముక పై అంచును ఆనుకుని లోపలికి వెళ్తారు. నీరంతా తీశాక పొర స్పష్టంగా కనిపిస్తుంది. క్షయలో తరచుగా సగ్గుబియ్యం లాంటి తెల్లటి గింజలు, క్యాన్సర్‌లో పెద్ద గడ్డలు కనిపిస్తాయి. కంటికి కనిపించినదే తుది మాట కాదు, నిర్ధారణ ముక్కతోనే.

ముక్కలన్నిటినీ ఫార్మలిన్‌లో వేయకూడదు. అందులో క్షయ క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు పనికిరావు. అందుకని కొన్నిటిని సెలైన్‌లో పంపాలి.

ఊపిరితిత్తి నుంచే ముక్క కావాలంటే పూర్తి మత్తు ఇచ్చి, ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపి, సర్జన్లు వీడియో శస్త్రచికిత్స (వాట్స్) చేస్తారు. ఏ పద్ధతిలోనైనా రక్తస్రావం, గాలి లీకు, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది. పొరలు పూర్తిగా అతుక్కుపోయిన వారికి థొరకోస్కోపీ కుదరదు. పరీక్ష అయ్యాక ఛాతీలో ఒక గొట్టం ఉంచి, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నాక తీసేస్తారు.