పుంజు పేరు చెప్పే ప్రోగ్రామ్: కుక్కుట శాస్త్రం నుంచి ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ దాకా

సంక్రాంతి దగ్గరపడితే మా ఐనవిల్లి చుట్టుపక్కల ఒక సీన్ కామన్‌గా కనపడుద్ది. కొబ్బరిచెట్టు కింద ఓ పెద్దాయన పుంజుని చేతిలోకి తీసుకుని, మెడ చూసి, రెక్క విప్పి చూసి, "ఇది కాకి డేగరా" అనేస్తాడు. ఐదు సెకన్లు పట్టదు. ఆయన బుర్రలో నడిచింది ఏంటో తెలుసా? ఒక ఎక్స్‌పర్ట్ సిస్టమ్!

ముందు ఒక క్లారిటీ. డేగ, కాకి, నెమలి, ఇవేవీ వేరువేరు జాతులు కాదు. పందెం పుంజులు ఎక్కువగా అసీల్ జాతివే. ఈ పేర్లన్నీ ఈక రంగుని బట్టి వచ్చినవి. ఎర్ర ఈకలైతే డేగ, నల్లవైతే కాకి, తెల్లవైతే సేతువ. వీపు మీదో రెక్కల మీదో పసుపు ఉంటే నెమలి. మెడ మీద నలుపు, తెలుపు సమానంగా ఉంటే పర్ల. రెండు లక్షణాలు కలిస్తే రెండు పేర్లూ కలుస్తాయి, అదే మన కాకి డేగ. అంటే మొత్తం "ఇలా ఉంటే, అది ఇది" అనే రూల్సే. దీన్నే కుక్కుట శాస్త్రం అన్నారు.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో మైసిన్ అనే ప్రోగ్రామ్ తయారైంది. రక్తంలో ఇన్ఫెక్షన్ ఏ బ్యాక్టీరియా వల్ల వచ్చిందో గుర్తుపట్టడం దాని పని. డాక్టర్ల అనుభవాన్ని కొన్ని వందల రూల్స్‌గా రాశారు. అది ప్రశ్నలు అడుగుద్ది, "ఎందుకు అడుగుతున్నావ్?" అంటే రూల్ కూడా చూపిస్తుంది. ఈ రంగానికి పితామహుడు లాంటి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ అవార్డు పంచుకున్నది ఎవరో తెలుసా? అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి గారు!

మరి పెద్దాయన రూల్స్‌ని కోడ్‌గా రాసేస్తే సరిపోద్దా? రంగు వరకూ ఓకే, ఎవరైనా చూసి చెక్ చేసుకోవచ్చు. కానీ కుక్కుట శాస్త్రం అక్కడ ఆగదు. ఏ వారం, ఏ నక్షత్రంలో, ఏ రంగు పుంజు గెలుస్తుందో కూడా చెబుద్ది. అసలు చిక్కు ఇక్కడే. ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌కి ఏ రూల్ నిజమో, ఏది నమ్మకమో తెలీదు. మనం ఏది పెడితే అది సీరియస్‌గా ఫాలో అయిపోద్ది. గెలిచిన రోజు శాస్త్రం గొప్పదంటాం, ఓడిన రోజు ముహూర్తం తప్పిందంటాం. ఆ లెక్క రాసినోడు ఎవడూ లేడు. ఆ రెండో రకం రూల్స్ నమ్మే కొందరు పొలం కాగితాలు కూడా తాకట్టు పెట్టేస్తారు. పైగా కోడిపందేలు 1960 జంతు హింస నిరోధక చట్టం, 1974 ఏపీ గేమింగ్ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇప్పుడు ఫోటో తీస్తే పక్షి పేరు చెప్పే యాప్స్ వచ్చాయి. అవి రూల్స్ మీద కాదు, లక్షల ఫోటోల మీద నేర్చుకుంటాయి. కానీ "ఎందుకు" అని అడిగితే మన పెద్దాయనలా మెడ మీద ఈక చూపించి చెప్పలేవు. అందుకే ఈ పండక్కి మీ తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేర్లు, గుర్తులు ఫోన్‌లో రికార్డ్ చేయండి. గుర్తుపట్టే విద్య దాచుకుందాం, గెలిపించే లెక్కలు వదిలేద్దాం. మీ ఊళ్లో వినే పుంజు పేర్లు కింద కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి!