నూగారు నుంచి అవాంఛిత రోమాల దాకా: తెలుగునాట మొటిమల, రోమాల చికిత్సా చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యౌవనంలో ముఖం మీద వచ్చే మొటిమలు, ఒంటి మీద పెరిగే రోమాలు ఎప్పుడు వయోలక్షణాలుగా, ఎప్పుడు రోగాలుగా, ఎప్పుడు లోపాలుగా గుర్తింపు పొందాయో తెలుగు పదజాలం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంహితా గ్రంథాలు, ప్రబంధ వర్ణనలు, ఇంటి నలుగు, నేటి లేజర్ చికిత్స ఇందులో చర్చకు వస్తాయి. సూర్యాపేట జిల్లా మఠంపల్లి ప్రాంతాన్ని వర్తమాన సందర్భంగా తీసుకోవడమైంది.

కీలక పదాలు: మొటిమ, ముఖదూషిక, నూగారు, రోమశాతనం, నలుగు, లేజర్, స్టెరాయిడ్ లేపనం.

ఉపోద్ఘాతం:
తెలుగు పట్టణాల్లోని చర్మ చికిత్సాలయాల ప్రకటనల్లో ‘అవాంఛిత రోమాలు’ అనే సమాసం నేడు స్థిరపడిపోయింది. ఆంగ్ల వాణిజ్య భాషలోని మాటకు ఇది యథాతథమైన అనువాదం. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇందులో ఒక విశేషం ఉంది. ‘అవాంఛితం’ అన్న విశేషణంలో కర్త లోపించాడు. ఆ రోమాలను వాంఛించనిది వాటిని మోస్తున్న స్త్రీయా, పెళ్లిచూపులకు వచ్చినవారా, చికిత్సను అమ్ముతున్నవారా అన్నది సమాసం చెప్పదు.

ఈ ప్రశ్న నగరాలకే పరిమితమైనది కాదు. కృష్ణా తీరాన ఉన్న మఠంపల్లి మండలం 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు నల్లగొండ జిల్లాలో భాగం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, సిమెంటు కర్మాగారాలు ఈ ప్రాంతపు ఆర్థిక జీవనాన్ని మార్చాయి. హైదరాబాదు-విజయవాడ రహదారి పొరుగున ఉన్న కోదాడ మీదుగానే పోతుంది. రెండు నగరాల సౌందర్య భాష ఇక్కడికి చేరడానికి ఇప్పుడు ఆ రహదారి అవసరం కూడా లేదు. చేతిలోని ఫోను చాలు.

సంహితల్లో మొటిమ, రోమం:
మొటిమకు వైద్యశాస్త్ర గుర్తింపు కొత్తది కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాలను వివరించే అధ్యాయం దీనిని పేర్కొంటుంది. యువతీయువకుల ముఖాన బూరుగు ముళ్లను పోలి లేచే పొక్కులుగా వర్ణించి, కఫ వాత రక్తాలను కారణాలుగా చెబుతుంది. బూరుగు మాను బెరడు మీది మొనదేలిన బుడిపెలను చూసినవారికి ఆ ఉపమానపు కచ్చితత్వం వేరుగా చెప్పనక్కరలేదు. యువానపిడక, ముఖదూషిక అనే రెండు పేర్లలో మొదటిది వయసును చెబుతుంది, రెండవది ముఖానికి కలిగే చెరుపును చెబుతుంది. ఒకే పొక్కును రెండు దృష్టులతో చూడవచ్చునన్న ఎరుక పేర్లలోనే ఉంది. ఇక్కడ ‘క్షుద్ర’ శబ్దానికి నీచమని కాక చిన్నదని అర్థం. వస, లొద్దుగ, సైంధవ లవణం, ఆవాలతో చేసే లేపనం దీనికి చెప్పిన చికిత్సల్లో ఒకటి.

రోమాలను తొలగించే విధానం ఆ గ్రంథంలో వేరొక సందర్భంలో వస్తుంది. వ్రణ చికిత్సకు చెప్పిన అరవై ఉపక్రమాల్లో రోమాపహరణం ఒకటి. రోమాలు అడ్డుపడి గాయం మానకపోతే కత్తి, కత్తెర, పట్టకారులతో వాటిని తీసివేయాలి. శంఖచూర్ణం, హరితాళం కలిపి నూరిన రోమశాతన లేపనం కూడా అక్కడే ఉంది. హరితాళం ఆర్సెనిక్ ఖనిజం కనుక ఆ లేపనం నిరపాయకరమైనదని భావించరాదు. గమనించవలసింది ప్రయోజనాన్ని. అక్కడ రోమం తొలగడం గాయం మానడానికే. దానికి పక్కనే రోమ సంజననం, అంటే రోమం తిరిగి మొలిపించడం, మరొక ఉపక్రమంగా చెప్పడం ఈ దృష్టిని బలపరుస్తుంది.

నూగు, ఆరు, నూగారు:
కావ్యభాషలోకి వస్తే స్థితి పూర్తిగా తారుమారవుతుంది. ప్రబంధ నాయిక ఆపాదమస్తక వర్ణనలో నాభి నుంచి పైకి సాగే సన్నని రోమరేఖ ఒక తప్పనిసరి అంగం. సంస్కృతంలో రోమావళి, రోమరాజి అన్న దానికి తెలుగులో ‘ఆరు’, ‘నూగారు’ అనే సొంత మాటలున్నాయి. నూగు అంటే లేత వెంట్రుక. చీమలబారుగా, నల్లని తీగగా కవులు దానిని పదేపదే పోల్చారు. ఇది స్త్రీల స్వానుభవ కథనం కాదు, ప్రధానంగా పురుష కవుల చూపు. అందుచేత ప్రబంధయుగంలో స్త్రీలు తమ దేహం పట్ల నిశ్చింతగా ఉండేవారని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. అయినా ఆ చూపులో సైతం రోమం లోపం కాలేదు, యౌవనాగమనానికి చిహ్నమైంది. పురుషుడికి నూగుమీసం ఎలాంటిదో స్త్రీకి నూగారు అలాంటిది.

దీనికి పక్కనే ఆధునిక వైద్యంలోని ఒక కొలమానాన్ని ఉంచి చూడాలి. 1961లో ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు పరిశోధకులు స్త్రీల దేహంపై రోమాల పెరుగుదలను అంకెల్లో లెక్కించే పద్ధతిని ప్రతిపాదించారు. నేడు వాడుకలో ఉన్న దాని సవరణ రూపంలో తొమ్మిది స్థానాలుంటాయి. ఒక్కొక్కదానికి సున్న నుంచి నాలుగు వరకు అంకెలు వేస్తారు. పై పెదవి, గడ్డం, ఛాతీలతో పాటు పొట్ట పైభాగం, కిందిభాగం ఆ పట్టికలో ఉన్నాయి. కవులు నూగారును నిలిపిన చోటు సరిగ్గా ఇదే.

ఈ పోలికను మరీ సాగదీయకూడదు. వైద్యులు లెక్కించేది ముదురు, బిరుసు వెంట్రుకలను, నూగును కాదు. తెలుగు ‘నూగు’ అన్న మాటతో చేసుకున్న భేదాన్ని వైద్యశాస్త్రం కూడా పాటిస్తుంది. ఆ భేదాన్ని చెరిపివేసింది వాణిజ్య భాష. ‘అవాంఛిత రోమాలు’ అన్నప్పుడు హార్మోన్ల వైషమ్యం వల్ల గడ్డాన మొలిచిన బిరుసు వెంట్రుక, పుట్టుకతో వచ్చిన చేతి మీది నూగు ఒకే గాటన చేరుతాయి. మొదటిదానికి వైద్యం అవసరం కావచ్చు. రెండవది రోగమే కాదు.

నలుగు:
ఇంటి పద్ధతులను సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) చూపిన దారిలో, అంటే నిత్యజీవితమే చరిత్రకు ఆధారమన్న దృష్టితో చూడవలసి ఉంది. పసిబిడ్డ ఒంటి మీది నూగు రాలడానికి శనగపిండి ముద్దతో రుద్దడం, ఆడపిల్లలకు పసుపు, సున్నిపిండి, పెండ్లికి నలుగు తెలిసినవే. మొటిమలకు ‘వేడి’ కారణమనీ, పెండ్లయితే అవే పోతాయనీ పెద్దలు చెప్పేవారు. రెండవ మాటలో కొంత ఓదార్పు, కొంత తాత్సారం ఉన్నాయి. పసుపు పూత రోమాన్ని శాశ్వతంగా పోగొడుతుందన్న నమ్మకానికి శాస్త్రీయ నిరూపణ లేదు.

సూది నుంచి లేజర్ దాకా:
విద్యుత్ సూదితో రోమమూలాన్ని నాశనం చేసే పద్ధతిని 1875లో అమెరికాకు చెందిన కంటి వైద్యుడు చార్లెస్ మైకెల్ వెల్లడించాడు. కంట్లోకి వంగి పెరిగే రెప్పవెంట్రుకలకు చేసిన చికిత్స అది. ఎక్స్ కిరణాలు వెలుగులోకి వచ్చిన మరుసటి ఏడాదే, 1896లో, వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ వాటిని రోమాల మీద ప్రయోగించాడు. 1920లలో అమెరికాలో ఎక్స్ కిరణాలతో రోమాలు తీసే సౌందర్యశాలలు వెలిశాయి. వాటికి వెళ్లిన స్త్రీలలో పలువురికి కొన్నేళ్ల తర్వాత చర్మపు పుండ్లు, క్యాన్సర్లు వచ్చాయి.

1983లో ఆండర్సన్, ప్యారిష్ ప్రతిపాదించిన సిద్ధాంతం నేటి లేజర్‌కు పునాది. వెంట్రుకలోని నల్లని వర్ణకం, అంటే మెలనిన్, కాంతిని పీల్చుకుని వేడెక్కి మూలాన్ని దెబ్బతీస్తుంది. తెల్లని చర్మం మీది నల్లని వెంట్రుకకు ఇది చక్కగా సరిపోతుంది. తెలుగువారిలో అధికశాతం చామనఛాయ, నలుపు చర్మం కలవారు. చర్మంలోనే మెలనిన్ ఎక్కువ ఉన్నప్పుడు కాంతిని అది కూడా పీల్చుకుంటుంది. బొబ్బలు, మచ్చలు ఏర్పడవచ్చు. అందుకే ముదురు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ వంటి దీర్ఘతరంగ యంత్రాలను క్షేమకరంగా భావిస్తారు. కొందరిలో, ముఖ్యంగా ముఖం మీద, లేజర్ తర్వాత రోమాలు మునుపటికన్నా పెరగడం కూడా నమోదైంది. దీని ఫలితాన్ని వైద్యశాస్త్రం ‘తగ్గుదల’ అంటుంది; ప్రకటన మాత్రం ‘శాశ్వత నిర్మూలన’ అంటుంది.

మొటిమల మందుల్లో 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఐసోట్రెటినోయిన్ తీవ్రమైన మొటిమలకు శక్తిమంతమైనది. గర్భస్థ శిశువుకు అది తీవ్ర హాని చేస్తుంది. మందు ఆపిన తర్వాత కనీసం నెలరోజులు గర్భం ధరించకూడదు. పెండ్లి ముహూర్తంలోగా ముఖం తేటపడాలని వచ్చే అమ్మాయికి ఈ విషయం వివరించడం వైద్యుడి మొదటి బాధ్యత.

మఠంపల్లి దారి:
పల్లెలో మొటిమకు తొలి చికిత్స చాలాసార్లు చర్మవైద్యుడి దగ్గర జరగదు, మందుల దుకాణంలో జరుగుతుంది. స్టెరాయిడ్ కలిసిన లేపనాలు ముఖాన్ని నాలుగు రోజుల్లో తెల్లబరచినట్లు కనిపిస్తాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు విజృంభిస్తాయి, చెంపల మీద రోమాలు పెరుగుతాయి. ఒక్క గొట్టం లేపనమే మొటిమలనూ రోమాలనూ కలిపి తెచ్చిపెడుతుందన్నమాట. ఈ వ్యాసం పరిశీలిస్తున్న రెండు సమస్యలు పుస్తకాల్లో విడివిడిగా ఉన్నా ఒకే ముఖాన కలవడానికి ఇది ఒక ముఖ్యకారణం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది.

సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో ప్రారంభమైంది. వైద్యవిద్యలో చర్మవ్యాధుల విభాగం పేరులోనే సుఖవ్యాధులు, కుష్ఠు కలిసి ఉంటాయి. ఆ పేరు చదివి గుమ్మంలో వెనుదిరిగే యువతిని తప్పుపట్టలేం. సౌందర్య చికిత్సాలయం బోర్డు మీద ఆ మాటలు ఉండవు. దాని ఆకర్షణలో కొంత ఇదే. అయితే గడ్డాన వెంట్రుకలతో వచ్చిన అమ్మాయిని చర్మవైద్యుడు మొదట అడిగేది వెంట్రుకల గురించి కాదు. నెలసరి క్రమంగా వస్తున్నదా, ఈ మధ్య బరువు పెరిగిందా, ముఖానికి ఏం రాస్తున్నది అని అడుగుతాడు. అండాశయ నీటిబుడగల సమస్య ఉంటే లేజర్ ఎన్ని విడతలు చేసినా కొత్త రోమాలు వస్తూనే ఉంటాయి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు రావాలంటే గదిలో కొంత ఏకాంతం ఉండాలి, వెంట వచ్చిన బంధువు కాసేపు బయట కూర్చోవాలి.