ద్రాక్షతోటల దారిలో 'టెంపుల్' బోర్డులు



మన సంఘంలోని ఒక కుటుంబపు అబ్బాయి ఫ్రాన్సు దేశంలో, మోంపెల్లియే పట్టణంలో చదువుకుంటున్నాడు. మొన్న సెలవుల్లో స్నేహితులతో కలిసి అద్దె సైకిళ్ళ మీద ద్రాక్షతోటల మధ్య తిరిగి ఫొటోలు పంపించాడు. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా. "అయ్యగారూ, ఇక్కడ పల్లెపల్లెకీ టెంపుల్ అని బోర్డు ఉంది. లోపల విగ్రహం లేదు, సిలువ మీద ప్రభువు బొమ్మ కూడా లేదు. బల్ల మీద బైబిలు తెరిచి ఉంది. ఇదేం టెంపులండీ?"

వాట్సాప్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఫ్రెంచి భాషలో కతోలికుల మందిరానికి 'ఎగ్లీజ్' అంటారు. ప్రొటెస్టెంటుల మందిరానికి మాత్రం 'తాంప్ల్' అనే పేరు నిలిచిపోయింది. రాసేటప్పుడు అక్షరాలు ఇంగ్లీషు టెంపులే. అంటే బాబు చూసినవి మన తోటి విశ్వాసుల ఆరాధన స్థలాలు.

అతను తిరిగిన దారి నీమ్ నగరానికి పడమర ఉంది. మనం వేసుకునే డెనిమ్ గుడ్డకు ఆ పేరు ఈ నీమ్ నుండే వచ్చిందంటారు. కవేరాక్ అనే ఊరి దగ్గర మొదలై సొమ్మియేర్ వరకు సుమారు 20 కిలోమీటర్లు పాత రైలు పట్టాలు తీసేసి సైకిలు దారి వేశారు. రైలు నడిచిన దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. రెండు పక్కలా ద్రాక్షతోటలు, ఆలివు చెట్లు, కొంచెం దూరంలో రాతి గుట్టలు. ఆ లోయ పేరు వోనాజ్. అక్కడి ప్రొటెస్టెంటులు దానిని 'చిన్న కనాను' అని పిలుచుకున్నారు.

ద్రాక్షతోటల మాట రాగానే, పాస్టరుగారు సారాయి గురించి రాస్తున్నారేమిటని అడిగేవారుంటారు. మన ప్రభు బల్లలో వాడే పులియని ద్రాక్షరసానికీ ఒక చరిత్ర ఉంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, పాశ్చర్ కనిపెట్టిన వేడిచేసే పద్ధతితో రసాన్ని పులియకుండా నిలవ చేశాడు, ప్రభు బల్ల కోసమే. అంతకుముందు చాలావరకు పులిసినదే వాడేవారు. ఈ వోనాజ్ వారు కూడా.

అసలు కథకు వద్దాం. 1598లో నాలుగవ హెన్రీ రాజు నాంత్ శాసనం ద్వారా ఫ్రాన్సు ప్రొటెస్టెంటులకు, అంటే హ్యూగెనోట్లకు, ఆరాధించుకునే హక్కు ఇచ్చాడు. 1685 అక్టోబరులో ఆయన మనుమడు పద్నాలుగవ లూయీ దానిని రద్దు చేశాడు. తాంప్ల్‌లు పడగొట్టారు. మతం మార్చుకోని పాస్టర్లకు దేశం విడిచిపోవడానికి 15 రోజులు గడువు ఇచ్చారు. విశ్వాసులు మాత్రం పోకూడదు. పారిపోతూ దొరికిన మగవాళ్ళను గాలీ ఓడల్లో గొలుసులతో కట్టి తెడ్లు వేయించారు, ఆడవాళ్ళను చెరలో పెట్టారు. అయినా సుమారు రెండు లక్షల మంది దాటిపోయారు. ఈ ప్రాంతం వారిలో చాలామంది జెనీవా వైపు వెళ్ళారు. జెనీవా సరస్సు నుండి మధ్యధరా సముద్రం దాకా రోన్ నది పొడవునా ఇప్పుడు 815 కిలోమీటర్ల సైకిలు మార్గం ఉంది. సెలవులకు వచ్చేవారు సముద్రం వైపు దిగుతారు. ఆ రోజుల్లో మనవాళ్ళు దానికి ఎదురుగా, రాత్రిపూట, దొంగచాటుగా నడిచారు.

వెళ్ళలేక ఉండిపోయిన లక్షలాది మందికి ప్రభుత్వం పెట్టిన పేరు 'కొత్తగా మారినవారు'. రికార్డుల ప్రకారం దేశంలో ప్రొటెస్టెంటులే లేరు. పుట్టుక, పెళ్ళి, చావు, ఏది రాయించాలన్నా కతోలిక గురువు దగ్గర ఉన్న పుస్తకంలోనే రాయించాలి. రహస్యంగా తమ పాస్టరు చేత పెళ్ళి చేయించుకుంటే చట్టం దృష్టిలో అది పెళ్ళి కాదు, పిల్లలు అక్రమ సంతానం, ఆస్తికి వారసులు కారు. అందుకని చాలామంది పగలు ఆ పుస్తకంలో పేరు రాయించుకుని, రాత్రి కొండల్లో ఆరాధనకు వెళ్ళేవారు.

ఇది చదవగానే మీలో కొందరికి మన సర్టిఫికెట్లు గుర్తుకొస్తాయని నాకు తెలుసు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. పిల్లల చదువు, ఉద్యోగం దానిమీద ఆధారపడి ఉన్న తల్లిదండ్రుల మీద రాయి విసిరే పని నేను చేయను. వోనాజ్ లోయలో ఆ పని చేసినవారి మనుమలే తరువాత ఆ తాంప్ల్‌లు కట్టారు. కానీ ఆ రెండు పేర్ల బతుకు వారికి సుఖంగా ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కొండల్లో జరిగిన ఆ ఆరాధనల కాలాన్ని వారు ఇశ్రాయేలీయుల అరణ్యవాసాన్ని తలచుకుని 'అరణ్యం' అన్నారు. మియాలే దగ్గర ఒక మ్యూజియంలో ఆనాటి వస్తువులు దాచారు. మడిచి దాచిపెట్టగలిగే ప్రసంగ పీఠం, మరలు విప్పి ముక్కలు చేసి జేబులో వేసుకునే బల్ల గిన్నె, కొప్పులో దాచుకునేంత చిన్న లేఖన పుస్తకం. 1715లో ఆంత్వాన్ కూర్ అనే యువకుడు కొద్దిమందిని పోగుచేసి, దాగివున్న సంఘాన్ని మళ్ళీ ఒక క్రమంలో పెట్టాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు కూడా సరిగా లేవు.

మధ్యలో కత్తి పట్టినవారూ ఉన్నారు. 1702 నుండి 1704 వరకు కమిసార్డుల తిరుగుబాటు నడిచింది. రొట్టెలు కాల్చే పని నేర్చుకున్న జాన్ కవాలియే అనే కుర్రవాడు రాజు సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టి, చివరికి 1704 ఏప్రిల్‌లో ఈ వోనాజ్‌లోనే నాజ్ అనే ఊరి దగ్గర ఓడిపోయాడు. కమిసార్డులను వీరులుగా చెప్పుకోవడం మన పుస్తకాల్లో అలవాటు. వారు కతోలిక పల్లెలు తగలబెట్టారు, స్త్రీలను పిల్లలను కూడా చంపారు. ఆ సంగతి దాచి మిగతాది చెబితే అది సాక్ష్యం కాదు.

నాజ్‌కు దగ్గరలోనే కోంజెని అనే ఊరు. సైకిలు దారి దానిమీదుగానే పోతుంది. అక్కడ కొందరు విశ్వాసులు ఆయుధం ముట్టకూడదని తీర్మానించుకుని వేరుగా కూడుకునేవారు. తమలాంటి వారు లోకంలో మరెక్కడైనా ఉన్నారని వారికి తెలియదు. ఇంగ్లండులో జోసఫ్ ఫాక్స్ అనే క్వేకరు వైద్యునికి కొన్ని ఓడల్లో వాటా ఉండేది. యుద్ధంలో ఆ ఓడలు ఫ్రెంచి ఓడలను పట్టుకుని తెచ్చిన సొమ్ములో ఆయనకూ భాగం వచ్చింది. అది తినడానికి ఆయన మనస్సాక్షి ఒప్పలేదు. 1785లో తన కుమారుణ్ణి పారిసుకు పంపి, 'నష్టపోయినవారు వచ్చి మీ డబ్బు తీసుకోండి' అని పత్రికలో ప్రకటన వేయించాడు. ఆ వార్త కోంజెని దాకా చేరింది. శత్రువు సొమ్ము తిరిగి ఇచ్చేవారు ఎవరా అని వీళ్ళు ఉత్తరం రాశారు. అలా బంధం కలిసింది. 1822లో కట్టిన వారి కూడిక గృహం ఇప్పటికీ ఉంది.

సొమ్మియేర్ దగ్గర విదూర్ల్ నది. దానిమీద రోమీయుల వంతెన, తిబెరి కైసరు కాలంనాటిది. లూకా 3వ అధ్యాయంలో ఉన్న ఆ తిబెరియే. కొన్ని కమానులు ఇప్పుడు ఊరి ఇళ్ళ కింద ఉన్నాయి. వంతెన మీద ఇప్పటికీ రాకపోకలు సాగుతున్నాయి.

నది వెంట కిందికి పోతే సముద్రం దగ్గర ఎగ్ మోర్త్ కోట. తొమ్మిదవ లూయీ రాజు ప్రభువు సమాధిని విడిపించాలని 1248లో క్రూసేడుకు ఓడ ఎక్కింది ఇక్కడే. ఆ కాలపు కోన్స్తాన్స్ బురుజు గోడల మందం ఆరు మీటర్లు. ప్రభువును ఆరాధించిన స్త్రీలను తరువాత అందులోనే పెట్టారు.

వారిలో మారీ ద్యూరాన్ 1711లో పుట్టింది. అన్న పియేర్ అరణ్య సంఘపు పాస్టరు. అతను దొరకకపోవడంతో తండ్రిని పట్టుకున్నారు, 1730లో ఈమెనూ పట్టుకున్నారు. ఆమెకు అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. 1732లో అన్నను మోంపెల్లియేలో ఉరితీశారు. విడుదల కావడానికి ఆమె ఒక్క మాట చెబితే చాలు, 'నా విశ్వాసం విడిచిపెడుతున్నాను' అని. కొందరు చెప్పి బయటపడ్డారు. ఆమె చెప్పలేదు. చలికి, తేమకు, దోమలకు 38 సంవత్సరాలు అక్కడే ఉంది. తోటి ఖైదీల తరఫున బట్టలకు, ఆహారానికి సాయం అడుగుతూ ఆమె రాసిన ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. వాటిలో గొప్పలు ఉండవు. 1768లో బయటికి వచ్చేసరికి వయసు 56.

పై గది నేల మధ్యలో ఉన్న రంధ్రపు రాతి అంచు మీద ఒక మాట గీకి ఉంది. ఆమే గీకిందని చెబుతారు గాని రుజువు లేదు. అక్షరాలు కూడబలుక్కుంటే మన 'రిజిస్టరు' లాగే ఉంటుంది. వారి పల్లె యాసలో దాని అర్థం 'ఎదిరించి నిలబడు'.

1787లో, మారీ చనిపోయి 11 ఏళ్ళు గడిచాక, ప్రొటెస్టెంటుల పుట్టుకలు, పెళ్ళిళ్ళు నమోదు చేయడానికి పదహారవ లూయీ ఒప్పుకున్నాడు. విప్లవం తరువాత తాంప్ల్‌లు మళ్ళీ లేచాయి. గార్డోన్ నది ఒడ్డున ఆందూజ్‌లో 1823లో తెరిచినది దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. బాబు అడిగిన బోర్డులు చాలావరకు ఈ కాలపు కట్టడాలవే.

మరి ఇప్పుడు అక్కడ ఒక్క పాస్టరు నాలుగైదు ఊళ్ళు చూసుకోవడం మామూలు. ఎందుకు ఖాళీ అయ్యాయి? చెరసాల వల్ల కాదు. పట్టుపురుగులకు రోగం వచ్చింది, కొండ పల్లెలు చితికిపోయాయి. వెంటనే తోటలకు తెగులు తగిలింది. 1863 ప్రాంతంలో రోన్ ఒడ్డున పుజో దగ్గర ద్రాక్ష తీగలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868 జూలైలో ప్లాంషోన్ అనే శాస్త్రవేత్త ఇద్దరితో కలిసి తోటకు వెళ్ళాడు. చచ్చిన మొక్కలు పీకి చూస్తే వేళ్ళు కుళ్ళి ఉన్నాయి గాని పురుగు కనబడలేదు. పక్కన పచ్చగా, కాయతో ఉన్న మొక్కను పీకి భూతద్దంతో చూశారు. వేళ్ళ నిండా పసుపురంగు సన్నని పేనులు! మొక్క చచ్చేలోపే అవి పక్క మొక్కకు పోతాయి. ఆ పురుగు పేరు ఫిలోక్సెరా.

రావడం మానేసినవారి గురించే మన కమిటీల్లో ఎప్పుడూ మాట్లాడుకుంటాం. వస్తున్న కుటుంబాల్లో, ఇంకా పచ్చగా ఉన్నప్పుడే, ఏముందో చూసినది తక్కువ.

1875లో 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లున్న ఫ్రాన్సు ద్రాక్షారసం 1889కి 2 కోట్ల 30 లక్షలకు పడిపోయింది. జనం పట్టణాలకు పోయారు. పురుగు అమెరికా నుండి తెచ్చిన మొక్కలతో వచ్చింది, మందు కూడా అక్కడినుండే దొరికింది. ఆ పురుగుకు లొంగని అమెరికా అడవి ద్రాక్ష వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టారు. రోమా 11లో పౌలు అడవి కొమ్మను మంచి వేరుకు అంటుకట్టడం గురించి రాశాడు, ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. ఈ రోజు ఆ సైకిలు దారి పక్కన కనబడే తీగల్లో దాదాపు అన్నీ అలా పరాయి వేరు మీద నిలిచినవే.

ఎగ్ మోర్త్ చుట్టుపక్కల మాత్రం కథ వేరు. అది ఉప్పు గాలి, ఒట్టి ఇసుక నేల, అంతకుముందు పెద్దగా ఎవరూ కోరుకోనిది. సన్నని ఇసుకలో ఫిలోక్సెరా దారి చేసుకుని తిరగలేదు. మిగతా తోటలన్నీ ఎండిపోతున్న ఆ ఏళ్ళలో రైతులు ఇక్కడికి వచ్చి తీగలు నాటారు. అంటు లేకుండా, సొంత వేళ్ళ మీదే అవి బతికాయి. కోట గోడల అవతల ఆ ఇసుక తోటలు ఇప్పటికీ కాపు కాస్తున్నాయి.