పెద్దయ్యాక చదువుకోమని...

పాప పుట్టిన వారానికే ఒక ఫైల్ మొదలుపెట్టాను, పెద్దయ్యాక చదువుకుంటుందని. మొదటి నెల రోజూ రాశా. రెండో నెల వారానికోసారి. ఇప్పుడు దానికి రెండేళ్ళు నిండాయి. ఫైల్లో చివరి ఎంట్రీ మాత్రం ఏడు నెలల కిందటిది. మన డాక్యుమెంటేషన్ అలవాట్లు మీకు తెలియనివి కాదు కదా :)

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీద నాన్న దినవెచ్చాల పుస్తకం ఒకటి దొరికింది. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా నాన్న పోయారు. ఆయన డైరీ రాసే మనిషి కాదు, మాట్లాడేదీ తక్కువే. పుస్తకం నిండా పాలు, కిరసనాయిలు, కరెంటు బిల్లు. మధ్యలో ఒకచోట "చిన్నాడికి జ్వరం. డాక్టరు 30. ఆటో 20. ద్రాక్షపళ్ళు 15" అని ఉంది. ఆ తర్వాత మూడు రోజులూ ద్రాక్షపళ్ళు 15, ద్రాక్షపళ్ళు 15, ద్రాక్షపళ్ళు 15. ఆ జ్వరం నాకు గుర్తులేదు. అమ్మనడిగితే తనకీ గుర్తులేదు. ఆ లెక్క చూస్తూ అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను.

తిరిగొచ్చాక, అసలు పిల్లల కోసం ఇలా రాసిపెట్టడం ఎక్కడ మొదలైందా అని చదవడం మొదలుపెట్టా. తమాషా ఏంటంటే, ఇటలీలో అది జమాఖర్చుల పుస్తకాల్లోంచే పుట్టింది.

14, 15 శతాబ్దాల్లో ఫ్లారెన్స్ వర్తకుల ఇళ్ళల్లో రికోర్దాంజె అనే పుస్తకాలుండేవి. గుర్తుపెట్టుకోవలసిన విషయాలు అని అర్థం. అప్పులు, అద్దెలు, పొలాల కొనుగోళ్ళు, ఇవీ అందులో రాసుకునేవి. ఆ లెక్కల మధ్యకే మెల్లగా ఇంటి సంగతులు వచ్చి చేరాయి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ దాది దగ్గర పాలకి పెట్టారు, ఆమెకి జీతమెంత, కూతురి కట్నమెంత, ఎవరు ఏ ప్లేగులో పోయారు... పుస్తకం బయటివాళ్ళకి చూపించేది కాదు, కొడుకులకి అప్పజెప్పేది. అలాంటివి వందల కొద్దీ ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పాచోలీ వర్తకుడికి మూడు పుస్తకాలుండాలన్నాడు. ఏరోజు లావాదేవీలు ఆరోజు ఉన్నదున్నట్టు రాసే చిత్తుపుస్తకం, వాటిని పద్ధతిగా ఎక్కించే జర్నల్, ఖాతాలవారీగా విడదీసే లెడ్జర్. మన చిట్టా, ఆవర్జాల్లాంటివే. అంటే మనం ఇవాళ "జర్నల్ రాస్తున్నా" అని ఫ్యాషన్‌గా అంటున్న మాటకి కొట్టు లెక్కలతో పాత చుట్టరికమే ఉందన్నమాట.

ఆ ఫ్లారెన్స్ పుస్తకాల్లో నన్ను పట్టుకున్నది జొవాన్ని మొరెల్లి అనే ఆయన రాసింది. 1371లో పుట్టాడు. 1374లో తండ్రి ప్లేగుతో పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. 1393లో, అంటే ఇరవై రెండేళ్ళప్పుడు, పుస్తకం మొదలుపెట్టాడు. తండ్రి లేని పిల్లాడికి ఏమేం నష్టాలు జరుగుతాయో ఒక్కొక్కటీ రాసి, ప్రతిదానికీ విరుగుడు రాశాడు. ఒకరకంగా అనాథలకి యూజర్ మాన్యువల్! ప్లేగు వస్తే ఏం చెయ్యాలి, ఎలాంటివాళ్ళతో స్నేహం చెయ్యాలి, ఎవర్ని పెళ్ళాడాలి, పన్నులవాళ్ళ ముందు ఉన్న ఆస్తి తక్కువగా ఎలా చూపించాలి కూడా ఉంది. నేను లేకపోయినా నా కొడుకులు నాలా తడుముకోకూడదు అన్నది ఆయన బాధ.

కానీ జరిగింది వేరు. 1406లో పెద్దకొడుకు అల్బెర్తో పదేళ్ళయినా నిండకుండానే జబ్బుచేసి పోయాడు. తండ్రి బతికే ఉన్నాడు. చదవాల్సినవాడు లేడు. ఆ తర్వాత అదే పుస్తకంలో మొరెల్లి తనని తాను తిట్టుకుంటూ రాశాడు. కొడుకుని కొడుకులా చూసుకోలేదని, పరాయివాడిలా చూశానని, ఒక్క గంట తీరుబడి ఇవ్వలేదని, వాడు కోరుకున్నప్పుడు ముద్దు పెట్టుకోలేదని, బడి పేరుతో దెబ్బలతో సతాయించానని. అన్ని పేజీల సలహాలు రాసిన మనిషికి అవసరమైన సలహా ఆ ఒక్కటేనేమో. అది చాలా ఆలస్యంగా రాసుకున్నాడు.

ఇక రెండో ఆవిడ సంగతి. "క్రాన్‌ఫర్డ్", "నార్త్ అండ్ సౌత్" నవలలు రాసిన ఎలిజబెత్ గాస్కెల్. 1810లో పుట్టింది. పదమూడు నెలల పిల్లగా ఉన్నప్పుడే తల్లి పోతే, పెద్దమ్మ దగ్గర నట్స్‌ఫర్డ్‌లో పెరిగింది. తల్లి రాసిన కొన్ని పాత ఉత్తరాలు ఎవరో దాచి పంపితే అవి ఆవిడ చేతికొచ్చింది 1849లో. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్ళు! తల్లి గుర్తుగా తన దగ్గరున్నవి అవేనని పంపినాయనకి జవాబు రాసింది. ద్రాక్షపళ్ళ లెక్క చూసి కూర్చుండిపోయిన నాకు ఈ ముక్క వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

ఆవిడకి మొదటి కాన్పులో పాప చనిపోయి పుట్టింది. రెండో పాప మేరియన్ 1834లో పుట్టింది. 1835 మార్చి 10న, పాపకి ఆర్నెల్లప్పుడు, ఒక డైరీ మొదలుపెట్టి 1838 దాకా రాసింది. రోజూ కాదు, నెలల తరబడి ఖాళీలున్నాయి (ఇది చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నా). పుస్తకం మేరియన్‌కే అంకితం. తన చేత్తో ఇవ్వడానికి తాను బతికిలేకపోతే, దీన్ని పాప కోసం దాచిపెట్టమంది.

అందులో పళ్ళు రావడం, నడక, పేచీలు, అన్నీ ఉన్నాయి. పిల్లల పెంపకం మీద పుస్తకాలు చదివి గందరగోళపడటం కూడా ఉంది. ఏడిచి అడిగింది ఇవ్వొద్దని ఒక పుస్తకం, పిల్లల కన్నీళ్ళు ఎంత చేదో చూడమని ఇంకొకటి. ఇవాళ మనం రాత్రి రెండింటికి ఫోన్లో వెతుక్కునేదీ ఇదే కదా.

ఒకచోట మాత్రం ఆగిపోయాను. అక్షరాలు నేర్పుతుంటే పాప ఒక అక్షరం చెప్పనని మొండికేసింది. చెప్పనన్న ప్రతిసారీ తండ్రి చేతిమీద దెబ్బ వేశాడు. చివరికి చెప్పింది. పాప పడుకున్నాక ఇద్దరూ ఏడ్చారు. ఇది రాసి, మేం చేసింది సరైందో కాదో తెలీదు, కాకపోతే మమ్మల్ని క్షమించమని మేరియన్‌నే అడిగింది ఆవిడ.

అప్పుడా పిల్లకి మూడు నాలుగేళ్ళు. క్షమాపణ మాత్రం పెద్దయ్యాక చదవబోయే మేరియన్‌కి.

ఇంచుమించు అదే కాలంలో డార్విన్ కూడా 1839లో పుట్టిన తన పెద్దకొడుకు గురించి నోట్సు రాశాడు. ఎప్పుడు నవ్వాడు, దేనికి భయపడ్డాడు అని. 1877లో "మైండ్" పత్రికలో దాన్నొక వ్యాసంగా అచ్చువేశాడు. గొప్ప పనే. కానీ పిల్లల గురించి రాయడం వేరు, పిల్లలకి రాయడం వేరు. నా ఫైల్ తెరిచి చూసుకుంటే అంతా మొదటి రకమే. బరువు, ఎత్తు, టీకాలు, మొదటి మాట. పక్కా రిలీజ్ నోట్స్!

ఇంకో సంగతి. 2011లో గూగుల్ ఒక ప్రకటన వేసింది, గుర్తుందా? ఒక తండ్రి కూతురి పేరున మెయిల్ అకౌంట్ తెరిచి, పెద్దయ్యాక చదువుకోమని ఉత్తరాలు పంపుతుంటాడు. అది చూసి చాలామంది అలాగే అకౌంట్లు తెరిచారు. 2023లో అదే గూగుల్, రెండేళ్ళపాటు వాడని అకౌంట్లు తీసేస్తామని ప్రకటించి ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. మీరలా తెరిచుంటే అప్పుడప్పుడూ లాగిన్ అవండి, కాపీ తీసి పెట్టుకోండి. జియోసిటీస్ చాలా దేశాల్లో 2009లోనే మూతపడింది, ఆర్కుట్ 2014లో పోయింది. మొరెల్లి పుస్తకం ఆరువందల ఏళ్ళు ఉంది. గాస్కెల్ 1865లో పోయినా, మేరియన్ 1920లో పోయినా డైరీ మిగిలి, 1923లో యాభై కాపీలు అచ్చయింది. నాన్న పుస్తకం అటక మీద ఎలకల మధ్య బతికింది.

అందుకే ఒక పొడుగు రూళ్ళ నోటుబుక్కు కొన్నాను. ఫైల్ ఆగిపోవడానికి టైం లేకపోవడమే కారణమని ఇంట్లో చెప్తూ వచ్చాను. నిజం అది కాదు. ఏడు నెలల కిందట ఒక కాల్‌లో ఉండగా పాప వచ్చి లాప్‌టాప్ మూసేసింది. చేతిమీద కొట్టాను. గట్టిగానే. ఏడుపాపి తనే వచ్చి నా మోకాలు పట్టుకుంది. నేను మళ్ళీ కాల్‌లో చేరిపోయాను. ఆరాత్రి ఫైల్ తెరిచి, ఇది రాయాలా వద్దా అని తేల్చుకోలేక మూసేశాను. మళ్ళీ తెరవలేదు.

కొత్త పుస్తకంలో మొదటి పేజీలో అదే రాశాను, తేదీతో సహా. కింద ఆరోజు ఖర్చు కూడా. పాలు, డైపర్లు, ద్రాక్షపళ్ళు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి లెక్కల పుస్తకాలు ఏవైనా ఉంటే, పాత పేపర్లతో పాటు తూకానికి వేసే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి.