నల్ల తీగ

కిందటి వానాకాలం కె.గంగవరంలో మా ఇంటి చావిట్లో కూచుని ఒక్క పూటలో మూడు ఫ్యూజులు కాల్చాను. బండి హీరో హోండా సీడీ 100. మా నాన్న 1988లో కొన్నాడు, నాకంటే రెండేళ్ళు చిన్నది. దాని జబ్బు విచిత్రమైనది. కుడివైపు ఇండికేటర్ వేస్తే ఎడమవైపువి కూడా మినుకుమినుకుమంటాయి. హారన్ నొక్కితే జలుబు చేసినట్టు మూలుగుతుంది. రామచంద్రపురంలో చూపిస్తే మెకానిక్ తల అడ్డంగా ఊపి, "వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలండి. ఆరు వోల్టుల బండి కదండీ, కిట్టు దొరకాలిగా మరి?" అన్నాడు. దొరికేదాకా బండిని అక్కడ వదిలేసి రావడానికి మనసొప్పలేదు. ఇంటికి తెచ్చి హెడ్‌లైటు డోమ్ విప్పాను.

లోపల చూడగానే మా పక్కనున్న ద్రాక్షారామం గుర్తొచ్చింది. భీమేశ్వరుడి గుడిలో గోడల మీదా స్తంభాల మీదా వందలాది శాసనాలున్నాయి. వేర్వేరు కాలాలవాళ్ళు వేర్వేరు చేతులతో చెక్కించినవి, ఒకదాని పక్కన ఒకటి. ఈ డోమ్‌లోనూ అంతే. కంపెనీ వేసిన రంగురంగుల వైర్ల మధ్య ఎవరెవరో ఎప్పుడెప్పుడో వేసిన అతుకులు. ఒకటి ఇన్సులేషన్ టేపుతో, ఒకటి సైకిలు ట్యూబు ముక్కతో, ఒకటి ఒట్టి మెలికతో. చదవాలంటే ముందు లిపి రావాలి. నాకు వచ్చనుకున్నాను. ఫ్యూజులు కాలింది అందుకే.

*

మన దేశంలో మోటారుసైకిలు కరెంటు కథని బుల్లెట్‌తో మొదలుపెట్టొచ్చు. సైన్యం అవసరాల కోసం ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న ఆ బండిని 1955 నుంచి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారుచేయడం మొదలుపెట్టింది. 1961లో మైసూరు నుంచి జావా వచ్చింది, తర్వాత అదే యెజ్డీ అయింది. ఆ తరం బళ్ళన్నీ 6 వోల్టులవే. బుల్లెట్ హెడ్‌లైటు పైన చిన్న అమ్మీటర్ ఉండేది. ముల్లు ప్లస్ వైపు వాలితే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతున్నట్టు, మైనస్ వైపు వాలితే దిగిపోతున్నట్టు. లైటు వేయగానే ముల్లు ఎంత పడిందో చూసి, ఎక్కడో కరెంటు కారిపోతోందని నడిపేవాడే పసిగట్టేవాడు. బండి తన నాడి తనే చూపించేది.

అలా చూపించాల్సిన అవసరం కూడా ఉండేది. బ్రిటిష్ బళ్ళకి ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీని అక్కడి రైడర్లు ‘చీకటి రాజు’ అని వెక్కిరించేవాళ్ళు. నడిరోడ్డు మీద దీపం ఆరిపోవడం అంత మామూలు. తప్పంతా కంపెనీలదే అనలేం. 6 వోల్టుల్లోనే ఓ ఇబ్బంది ఉంది. 30 వాట్ల బల్బు వెలగాలంటే 12 వోల్టుల బండిలో రెండున్నర ఆంపియర్లు చాలు, 6 వోల్టుల బండిలో ఐదు కావాలి. కరెంటు రెట్టింపైతే, అదే తీగలో అదే అతుకు దగ్గర వేడిగా వృథా అయ్యేది నాలుగింతలు. 12 వోల్టుల బండి పట్టించుకోని చిలుము 6 వోల్టుల బండిని గుడ్డిదాన్ని చేస్తుంది.

కోనసీమలో చిలుముకి కొదవా? చుట్టూ కాలవలు, చేలు, ఓ పక్క గౌతమి, కాస్త దిగువకి పోతే ఉప్పుగాలి. ఇక్కడి గాలే తడి. రాగి తీగ చివర ఆకుపచ్చ పొడి పట్టడానికి రెండు వానాకాలాలు చాలు. దానికితోడు ఎలుకలు. కోతలయ్యాక చేలల్లోంచి ఇళ్ళలోకి వచ్చి, పళ్ళు అరగదీసుకోవడానికి సీటు కింద దూరతాయి.

ఇంకో సంగతుంది. ఇంట్లో బల్బుకి రెండు తీగలు పోతాయి, బండిలో చాలాచోట్ల ఒకటే పోతుంది. రెండోది బండి ఇనుమే. బ్యాటరీ మైనస్‌ని ఫ్రేముకి బిగిస్తారు, పని చేసిన కరెంటు ఆ ఇనుము మీదుగా వెనక్కి వస్తుంది. దాన్నే ఎర్తు అంటాం. రబ్బరు టైర్ల మీద నిలబడి భూమికి తగలనే తగలని ఎర్తు! ఫ్రేముకి తుప్పు పట్టినా, బోల్టు కింద రంగు చేరినా ఈ కనపడని తీగ తెగిపోతుంది. తెగిందని పైకి తెలీదు.

మా బండి ఇండికేటర్ల జబ్బు ఇదే. ముందున్న రెండు ఇండికేటర్లకీ ఎర్తు ఒకటే. అది తెగితే కుడి బల్బులోకి వచ్చిన కరెంటుకి ఇంటికి పోయే దారి ఉండదు. అప్పుడది పక్కింట్లోంచి పోతుంది. ముందున్న ఎడమ బల్బులోకి ఎదురెక్కి, అక్కణ్ణుంచి వెనకున్న ఎడమ బల్బు దాటి ఫ్రేముని చేరుకుంటుంది. దారిలో ఇద్దర్నీ కాస్త కాస్త వెలిగిస్తుంది. ఇది తెలిసినవాడికి ఆ మినుకుమినుకు దెయ్యం కాదు, చిరునామా.

*

1980ల్లో జపాన్ వాళ్ళు వచ్చారు. హీరోతో హోండా, ఎస్కార్ట్స్‌తో యమహా, టీవీఎస్‌తో సుజుకీ, బజాజ్‌తో కవాసాకీ. సీడీ 100 1985లో వచ్చింది. పెట్రోలు పోసి, మూత పెట్టి, ఇక మర్చిపొమ్మని దాని ప్రకటన చెప్పేది. మా వైపు జనం కొన్నారుగానీ మర్చిపోలేదు. కోటిపల్లి రేవులో పంటు మీదకి బళ్ళెక్కించి, గోదావరి దాటి ముక్తేశ్వరంలో దిగేవాళ్ళు. వరదల కాలంలో చక్రం ములిగే నీళ్ళలో తోసుకుంటూ ఇల్లు చేరేవాళ్ళు. వాళ్ళకి మర్చిపోయే వీలేదీ?

ఈ జపాన్ బళ్ళు ఒక్కో కంపెనీ రంగుల లిపితో వచ్చాయి. హోండాలో ఎర్రది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, నల్లది తాళం తిప్పాక కరెంటు వచ్చేది, ఆకుపచ్చది ఎర్తు. యమహాలో నల్లదే ఎర్తు, తాళం తిప్పాక కరెంటు వచ్చేది గోధుమరంగుది. అంటే ఒక బండిలో ప్రాణం ఉన్న తీగ ఇంకో బండిలో ప్రాణం లేనిది. సందు చివర చెట్టు కింద రెండు రకాల బళ్ళూ బాగుచేసిన మెకానిక్కులు రెండు భాషలూ మాట్లాడారు. ఆ భాషలు వాళ్ళకి ఎవరూ బళ్ళో చెప్పలేదు. ఫ్యూజులు కాల్చుకుని నేర్చుకున్నారు.

నేను మొదటిపాఠం నేర్చుకుంది మాత్రం తుపానులో. 1996 నవంబరు 6 సాయంత్రం కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వాటితోపాటే. నాకప్పుడు పదేళ్ళు. మూడో రాత్రో నాలుగో రాత్రో నాన్న బండి బ్యాటరీ ఊడదీసి లోపలికి తెచ్చాడు. ఇండికేటర్ బల్బు ఒకటి తీసి, రెండు తీగముక్కలు చుట్టి, ఒకటి ప్లస్‌కి, ఒకటి మైనస్‌కి. వంటింట్లో పసుప్పచ్చటి వెలుగు. అమ్మ ఆ వెలుగులో గంజి వార్చింది. పొద్దున్నే బ్యాటరీ మళ్ళీ బండికెక్కేది, నాన్న కిక్కు కొట్టి ఇంజను తిప్పి ఛార్జి చేసేవాడు. కరెంటంటే వెళ్ళడమే కాదు, తిరిగి రావడం కూడా అని నాకు అప్పుడు తెలిసింది. రెండో తీగ వదిలేస్తే వంటింట్లో చీకటి.

*

ఇక ఫ్యూజుల సంగతి. డోమ్‌లో ఒక నల్ల తీగ ఎక్కడా కలవకుండా వేలాడుతోంది. పక్కనే మిగతా నల్ల తీగలన్నీ కలిసే కప్లర్. హోండా లిపి నాకు తెలుసు కదా. నల్లది నల్లదానితో కలిపి, తాళం తిప్పాను. టప్. ఫ్యూజు పాతదేమో అనుకుని ఇంకోటి వేశాను. టప్. ఈసారి హారన్ తీగ పీకి వేశాను. అదీ పోయింది.

దగ్గర ఫ్యూజులైపోయాయి. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టడం నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన పుస్తకం చదివినవాళ్ళకి బీరు డబ్బా రేకు గుర్తుండే ఉంటుంది. స్నేహితుడి ఖరీదైన బీఎండబ్ల్యూ హ్యాండిల్ జారిపోతుంటే, డబ్బా రేకు ముక్క మధ్యలో పెడితే సరిపోతుందంటాడు కథకుడు. స్నేహితుడికి అవమానంగా తోస్తుంది. అక్కడ కథకుడిదే రైటు, ఆ పనికి ఆ రేకు చక్కగా సరిపోతుంది. వెండి కాగితం అలాంటిది కాదు. పైకి రెండూ ఒకే జాతి తెలివిగా కనిపిస్తాయి. కానీ ఫ్యూజు ఉన్నదే చచ్చిపోవడానికి. తీగ కాలకముందే తను కాలాలి. కాలని ఫ్యూజు పెడితే కాలేది పెట్రోలు ట్యాంకు కిందనుంచి పోయే తీగల కట్ట. మా చావిట్లో బండి పక్కనే ఎండుగడ్డి వాము. కాగితం చేతిలోకి తీసుకుని, మళ్ళీ పడేశాను.

అప్పుడు చేయాల్సింది మొదటే చేయాల్సింది. ఫ్యూజు ఉండే చోట బల్బు పెట్టాను. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, తీగలు కాలవు. తాళం తిప్పగానే భగ్గున వెలిగింది. ఒక్కో కప్లర్ విప్పుతూ వచ్చాను. నేను కలిపిన నల్ల తీగ విడదీయగానే ఆరిపోయింది. ఆ తీగ వెంబడే పోతే హ్యాండిల్ మెడ దాటి, ట్యాంకు కిందుగా సాగి, బ్యాటరీ మైనస్ దగ్గర తేలింది. ప్రాణమున్న తీగని తీసుకెళ్ళి నేరుగా ఎర్తుకి కలిపానన్నమాట.

అరుగు మీద పేపరు చదువుకుంటున్న నాన్నని అడిగాను.

"నాన్నా, ఈ నల్ల వైరు ఎవరేశారు?"

"నేనే. ఎర్తురా అది. తుపాను మరుసటేడు ఫ్రేముకి తుప్పు గీకి రంగేయించాను. దాంతో ముందున్న వాటికి ఎర్తు పోయింది. అప్పుడేశాను."

"హోండాలో నల్లది కరెంటుది కదా!"

"హోండావోడికేమోరా. మన మెయిన్ బోర్డులో నల్లది న్యూట్రలే కదా. తిరిగొచ్చేది నల్లదే."

ఆయన చెప్పిందాంట్లో తప్పులేదు. ఇళ్ళకి వైరింగు చేసే లిపిలో రాశాడు, నేను హోండా లిపిలో చదివాను. కంపెనీ ఆకుపచ్చ తీగ హ్యాండిల్ మెడ దగ్గర వంగి వంగి లోపలే తెగిపోయింది. పాతికేళ్ళకి పైగా ఈ బండి ముందుభాగం బతికింది నాన్న వేసిన నల్ల తీగ మీదే. దాని చివరి రింగు తుప్పుపట్టి ఊడిపోయింది, అంతే జబ్బు.

*

ఇప్పటి బళ్ళలో ఇలా కూచుని వెతకొచ్చా? 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చిన్న బళ్ళలోకీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, దానితో సెన్సర్లూ ఈసీయూ వచ్చాయి. గాలికి మేలైంది, కాదనలేం. కానీ అమ్మీటర్ ముల్లు ఉన్నచోట ఇంజను బొమ్మ దీపం వచ్చింది. ఏదో తేడా ఉందంటుంది, అదేమిటో స్కానర్ ఉన్నవాడికే చెబుతుంది. నా టెస్ట్ బల్బు ఆ తీగలకి పెట్టకూడదు కూడా. బల్బు లాగే కరెంటుకి ఈసీయూ దెబ్బతినొచ్చు, మల్టీమీటర్ కావాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి. హక్కంటే విడిభాగం దొరకడం ఒక్కటే అయితే చాలదు. ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పే పటం కూడా కొన్నవాడి చేతికి రావాలి. ఎందుకంటే ఎంత కొత్త బండయినా చిలుము ఎర్తుకే ముందు పడుతుంది, ఎలుకకి బీఎస్-4, బీఎస్-6 తేడా తెలీదు.

సాయంత్రానికి కొత్త రింగు వేసి, బోల్టు కింద రంగు తళతళలాడేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాను. కుడి ఇండికేటర్ వేస్తే కుడివే వెలిగాయి. హారన్ వీధి చివరిదాకా వినపడింది. డోమ్ మూసేముందు నాన్న లేచొచ్చి, కళ్ళజోడు సర్దుకుని లోపలికి చూశాడు.

"ఆ నల్లదానికి ఆకుపచ్చ టేపు చుట్టు. రేపు ఇంకెవడన్నా విప్పితే తికమకపడతాడు" అన్నాడు.

రెండు చివర్లా చుట్టాను.