చేరినప్పుడు లేని జబ్బు

సికింద్రాబాద్‌లోని తిరుమలగిరి మిలటరీ ఆస్పత్రిలో మెడికల్ బోర్డు ముగించుకుని వచ్చిన హవల్దారు కాగితంలో మొదట వెతికేది వైకల్యం శాతం. ఆ తర్వాత, జబ్బు సర్వీసువల్ల వచ్చిందని రాశారా, లేదా అని. ఇక్కడ అమెరికాలో మాజీ సైనికుడు వెతికేవీ ఆ రెండే. సికింద్రాబాద్ నుంచి వచ్చినవాళ్లకు ఈ తగాదా కొత్త కాదు గానీ, దీని వయసు మాత్రం ఆశ్చర్యమే.

అంతర్యుద్ధం సాగుతుండగానే, 1862లో, పూర్తిగా పనికిరాకుండా పోయిన మామూలు సిపాయికి నెలకు 8 డాలర్ల పెన్షనని చట్టం చేశారు. అడిగినవాడు సర్జన్ల ముందు చొక్కా విప్పి నిలబడాలి. అచ్చు ఫారంలో మనిషి బొమ్మ ఉండేది. గాయం ఎక్కడుందో దానిమీద గుర్తు పెట్టేవారు. తూటాకైతే మచ్చ ఉంటుంది. క్యాంపులో పట్టుకున్న విరేచనాలకు, కీళ్లనొప్పులకు ఏం చూపిస్తాడు? తోటి సిపాయిల చేత అఫిడవిట్లు రాయించుకుని తిరగాల్సిందే. 1890 చట్టం ఆ తిప్పలు చాలావరకు తప్పించింది: 90 రోజులు కొలువు చేసి, ఇప్పుడు కాయకష్టం చేయలేకపోతే చాలు. ఆ యుద్ధం తాలూకు ఆఖరి పెన్షను, నెలకు 73.13 డాలర్లు, ఒక సిపాయి కూతురు ఐరీన్ ట్రిప్లెట్‌కు 2020లో ఆమె పోయేదాకా అందింది.

వియత్నాం యుద్ధం చేసొచ్చిన సిపాయిలకు కథ మళ్లీ మొదటికొచ్చింది. ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకులు రాల్చే మందు చల్లిన అడవుల్లో తిరిగినందుకే క్యాన్సర్ వచ్చిందని ఎవరికి వారు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మాజీ సైనికుల శాఖ కాదంటే కోర్టుకెక్కే దారి 1988 దాకా దాదాపు లేదు. 1991 చట్టంతో లెక్క తిరగబడింది: అక్కడ పనిచేసినవాడికి జాబితాలోని జబ్బు వస్తే అది సర్వీసువల్లే అనుకోవాలి. 2022లో ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంతల పొగకూ ఇదే వర్తింపజేశారు.

ఒకరికి రెండు జబ్బులుంటే ఇక్కడ శాతాల కూడిక మాత్రం ఇప్పటికీ విడ్డూరమే. 50, 30 కలిస్తే 80 కాదు. మిగిలిన సగం ఒంట్లో 30 శాతం, అంటే 15 కలిపి 65. దాన్ని 70 చేస్తారు.

రుజువు భారం సిపాయి మీంచి దిగే ఆ మలుపు మన దేశంలో 2013 జులైలో వచ్చింది. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలోని సిగ్నల్స్ దళంలో చేరాడు. మూర్ఛ వస్తోందని 1994లో పంపేశారు. వైకల్యం 20 శాతమన్న బోర్డే, అది ఒంటి తత్వం, సర్వీసుతో సంబంధం లేదని రాసింది. పెన్షను రాలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చేర్చుకునేటప్పుడు డాక్టర్లు రాయని జబ్బు అప్పటికి లేనట్టేనని, కాదంటే కారణాలు బోర్డే రాయాలని కోర్టు చెప్పింది. ధరమ్‌వీర్ చేరిననాటి కాగితాల్లో మూర్ఛ మాటే లేదు.