మెటల్ డిటెక్టర్ తీగచుట్ట: బరువు తగ్గించిన చరిత్ర

విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీకు తెలిసిందే. ఆ సూత్రం ప్రయోగశాల దాటి మనిషి చేతిలోకి ఎలా వచ్చిందో ఈ విభాగంలో తెలుసుకొంటారు. మెటల్ డిటెక్టర్‌లోని బ్యాటరీని, ఆంప్లిఫయర్‌ను భుజానికి తగిలించుకోవచ్చు, వీపున మోయవచ్చు. తీగచుట్ట మాత్రం కర్ర చివర, నేలకు దగ్గరగా ఉండాలి. అందుకే ఈ పరికరం చరిత్రలో తీగచుట్ట బరువుకు ప్రత్యేక స్థానం ఉంది.

ఆరంభ దశ

1879లో డేవిడ్ హ్యూస్ ప్రేరణ తులను రూపొందించాడు. తీగచుట్టల ప్రభావాలు సరితూగినప్పుడు టెలిఫోన్ రిసీవర్‌లో శబ్దం ఉండదు. దగ్గరకు లోహం వస్తే ఆ సమతౌల్యం చెడి శబ్దం వినిపిస్తుంది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలోని తూటాను గుర్తించడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇదే సూత్రంపై పరికరం తయారుచేశాడు. తూటా దొరకలేదు. మంచంలోని లోహపు స్ప్రింగులు ప్రయోగానికి అడ్డువచ్చాయి. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ మరణించాడు.

1937లో గెర్‌హార్డ్ ఫిషర్ అమెరికాలో మెటల్ డిటెక్టర్‌పై పేటెంటు పొందాడు. అతని తొలి నమూనాల్లో రాగి తీగచుట్టలను పెద్ద చెక్కపెట్టెల్లో అమర్చారు.

యుద్ధకాలం

రెండో ప్రపంచయుద్ధంలో మందుపాతరలు పెద్ద సమస్య అయ్యాయి. బ్రిటన్‌లో ఆశ్రయం పొందిన పోలండ్ సైన్యానికి చెందిన జోసెఫ్ కొసాట్స్కీ రెండు తీగచుట్టల డిటెక్టర్‌ను రూపొందించాడు. ఒక చుట్టకు ఆసిలేటర్‌ను, రెండో చుట్టకు ఆంప్లిఫయర్‌ను, టెలిఫోన్‌ను కలిపాడు. మొత్తం బరువు సుమారు 14 కిలోలు. ఒక సైనికుడు మోయగలిగేంత. 1942లో ఎల్ అలమెయిన్ యుద్ధంలో ఇలాంటి 500 పరికరాలను వాడారు. మందుపాతరల మధ్య దారి తీసే వేగం గంటకు సుమారు 100 మీటర్ల నుంచి 200 మీటర్లకు పెరిగింది.

బరువు ఎందుకు ముఖ్యం?

నిండు బిందెను చంకన పెట్టుకొని నడవగలం. అదే బిందెను చాచిన చేతితో ఎంతోసేపు పట్టుకోలేం. బరువు అదే అయినా, దూరం పెరిగితే చేతిపై బలభ్రామకం పెరుగుతుంది. 1 కిలో తీగచుట్ట చేతికి 1 మీటరు దూరంలో ఉంటే బలభ్రామకం సుమారు 10 న్యూటన్ మీటర్లు. బరువును అర కిలోకు తగ్గిస్తే అది సగమవుతుంది.

అలసిన చేయి తీగచుట్టను నేలకు సమాన దూరంలో ఉంచలేదు. చుట్ట పరిమాణంతో పోల్చితే దూరం ఎక్కువైనప్పుడు, ఆ దూరం రెట్టింపైతే చిన్న వస్తువు నుంచి వచ్చే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. మందుపాతరలు వెతికేవారికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

నిర్మాణంలో చిక్కు

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఎలక్ట్రానిక్ భాగాలు చిన్నవయ్యాయి. తీగచుట్టను అలా కుదించడానికి వీల్లేదు. వ్యాసం తగ్గితే పెద్ద వస్తువులను గుర్తించే లోతు తగ్గుతుంది. తీగను మరీ సన్నం చేస్తే నిరోధం పెరుగుతుంది. కవచాన్ని పలుచన చేస్తే అది వంగుతుంది. చుట్టలు కొద్దిగా కదిలినా సమతౌల్యం చెడి, లోహం లేకున్నా శబ్దం వస్తుంది. కాబట్టి తేలికదనంతోపాటు బిగువు కూడా కావాలి. చెక్కకు బదులు ప్లాస్టిక్ కవచం, లోపల తేలికపాటి నురుగు, తీగలను కదలకుండా పట్టే రెజిన్, అవసరం లేనిచోట ఖాళీలు వదిలిన చట్రం ఈ రెండు అవసరాలనూ తీర్చాయి. పల్స్ పద్ధతిలో ఒకే చుట్టతో సంకేతం పంపి, దానితోనే స్వీకరించవచ్చు. అందువల్ల రెండు చుట్టలను సరితూచే అవసరం తప్పింది.

బెల్ నాటి సూత్రం నేటికీ మారలేదు. దాన్ని అలసట లేకుండా గంటల తరబడి చేతపట్టగలిగే రూపంలోకి తేవడమే తరువాతి నిర్మాతలు సాధించిన ప్రగతి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బ్యాటరీ బరువు కంటే తీగచుట్ట బరువు చేతికి ఎక్కువ భారం ఎందుకవుతుంది?
2. తీగచుట్ట కవచం తేలికగా ఉంటే చాలదు, బిగువుగానూ ఉండాలి. కారణం వివరించండి.